జడ్చర్లల గాజులేసిన ఆమె

అరవైల నాటి మాట. అచ్చంపేట బస్సు కోసం జడ్చర్లల కూసున్న. వారం కిందనే పెద్దమనుషులు నాకూ నా మొగనికీ ఇడుపుకాయితం రాసిండ్రు. పుస్తె, మెట్టెలు వాళ్ల ముందరనే తీసి ఇచ్చేసిన. ఇంటికొచ్చి, గాజులు గూడ నేనే పలగొట్టుకున్న. అప్పటిసంది ఎవ్వలతోని మాట్లాడలే.

పక్కన భుజం మీది గాజుల మలారం దించుకున్న ముసలామె నా బోసి చేతులు చూసింది.

"మొగడు పోయిండా బేటీ?"

"లేదు. ఇడిసిపెట్టిండు."

"బతికున్నోనికి గాజులు పలగొట్టుకున్నవా? వాడు వింటే జడుసుకుంటడు!" అని పకపక నవ్వింది. నాకు గూడ నవ్వు ఆగలే.

"గాజులు నీకు పుట్టినప్పటిసంది ఉన్నయి. వాడు తెచ్చినయా?" అని నా చెయ్యి పట్టుకున్నది. పిడికిలి బిగుసుకొని ఉన్నది. "గిట్ల బిగవడితే గాజు పలుగుతది. ఏమైందో జర చెప్పు."

ఏడ్చుకుంట చెప్పుకుంట పోయిన. ఆమె "ఊఁ" కొట్టుకుంట నా వేళ్లు మెల్లగ పిసుకుతనే ఉన్నది. ఏడుపు ఒడిసినంక చూసుకుంటే, రెండు చేతుల నిండ పచ్చగాజులు! ఎప్పుడెక్కినయో తెల్వదు. అచ్చంపేట దాక బస్సుల గలగలలాడించుకుంటనే పోయిన.

ఇప్పుడు నా మనుమరాలు దవాఖానల మనసుకు వైద్యం జేస్తది. విడాకులైన ఆడపిల్లలు గూడ వస్తరంట.

"ఏం జేస్తవే వాళ్లకు?" అని అడిగిన.

"చెప్పుకోనిస్త అవ్వా. వింట."

"గంతేనా? గాజులెయ్యవా?"