నేను కొట్టని తలుపు

ఏడేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మా ఆయనకి చెప్పలేదు. గుళ్ళో కూడా పెదవి కదపలేదు. దేవుడికి తెలుసులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెలిస్తే ఊరుకుంటాడా? ఆ భయంతోనే ఇన్నాళ్ళూ గడిచాయి.

పోర్ట్ బ్లెయిర్‌లో మాది గుట్ట కింద గల్లీ, సముద్రానికి ఆనుకునే ఉంటుంది. అందరం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవాళ్ళమే. గల్లీ చివర గోడ, గోడ అవతల ఫౌజీవాళ్ళు, అదే మిలిటరీవాళ్ళు. నా చిన్నప్పుడు ఆ గోడ లేదు. వాళ్ళు మా మైదానంలో వాలీబాల్ ఆడేవారు, మా అమ్మ చేతి చేపల పులుసు తినేవారు. సునామీ రోజున నన్ను భుజాన వేసుకుని గుట్ట ఎక్కించింది కూడా ఒక ఫౌజీయే. తర్వాత గోడ లేచింది. గేటు వచ్చింది. వాళ్ళ బడి వాళ్ళది, వాళ్ళ ఆసుపత్రి వాళ్ళది. మాకు మూడు రోజులకోసారి నీళ్ళు. అవతల పైపులతో మొక్కలు తడుపుతుంటే ఆ చప్పుడు మా ఇంట్లోకి వినబడేది. కుళ్ళుకున్నాను. దాచడమెందుకు, బాగా కుళ్ళుకున్నాను.

ఏడేళ్ళ కిందట క్వార్టరు దొరక్క ఒక ఫౌజీ కుటుంబం మా పక్కింట్లో అద్దెకి దిగింది. ఆమె పేరు లావణ్య అనుకోండి, అసలు పేరు రాసే ధైర్యం నాకు లేదు. అనంతపురం పిల్ల. పెళ్ళయ్యేదాకా సముద్రం చూడలేదు. ఆరో నెల. తెలుగుపిల్లే అయినా గల్లీలో ఎవరం కలుపుకోలేదు. వాళ్ళకేం, కావాలంటే ఫౌజీ ట్రక్కు వస్తుంది అనేవాళ్ళం.

సునామీ తర్వాత మా గల్లీ ఒక కట్టుబాటు పెట్టుకుంది. నేల కదిలినా, కెరటం వస్తోందని పోలీసు జీపు మైకులో చెప్పినా, ఎవరైనా సరే బయటపడుతూ పక్కింటి తలుపు కొట్టాలి. లోపలి మనిషి బయటికొచ్చాకే గుట్టెక్కాలి. లావణ్య తలుపు నా వంతు. ఆ సంగతి ఆమెకి నేనే చెప్పాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేల సన్నగా ఊగింది. కాసేపటికి మైకు. అందరూ పరుగు. లావణ్య భోంచేసి పడుకుంటుందని నాకు తెలుసు, భర్త డ్యూటీలో ఉన్నాడనీ తెలుసు. ఆమె గుమ్మం ముందు ఆగాను. చెయ్యి ఎత్తాను కూడా. వాళ్ళ ట్రక్కు వస్తుందిలే అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక ప్రాణభయంతో కాళ్ళు ముందే కదిలిపోతే ఆ మాట తర్వాత అతికించుకున్నానా? గోడ అవతలివాళ్ళకి మనమెందుకు చెయ్యాలన్న అక్కసు కూడా ఉందా అందులో? ఏడేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను, రోజుకో జవాబు వస్తోంది. చెయ్యి దించేసి వెళ్ళిపోయాను.

కెరటం రాలేదు. ట్రక్కూ రాలేదు. లావణ్యకి మెలకువ వచ్చేసరికి గల్లీ ఖాళీ, మైకు మోగుతోంది. ఒక్కతే, ఏడుస్తూ, వానకి పాచిపట్టిన గుట్ట మెట్ల మీద పరుగెత్తి జారిపడింది. బిడ్డ దక్కలేదు.

ఆసుపత్రికి వెళ్ళాను. మంచం పక్కన ఆమె భర్త నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే అడిగింది.

"అక్కా, నా తలుపు కొట్టలేదా మీరు?"

మంచం దగ్గరికి జరిగాను. "కొట్టినానమ్మా. కసమ్ సే, ఒట్టు, గట్టిగానే కొట్టినాను. నువ్వే లెగనేదు."

భర్త ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"నాదే తప్పక్కా. పండుకుంటే పీనుగ మాదిరి పడుంటా. మీరేం జేస్తారు పాపం?"

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు పడిపోయిందా? పైగా ఆమె చెయ్యి నిమిరాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

కొన్నాళ్ళకి వాళ్ళకి బదిలీ అయింది. హమ్మయ్య అనుకున్నాను, సిగ్గులేకుండా.

ఇప్పుడు మళ్ళీ ఇక్కడికే పోస్టింగు. పోయిన వారం లావణ్య మా ఇంటికి వచ్చింది, నాలుగేళ్ళ కూతుర్ని తీసుకుని. టీ తాగుతూ నవ్వుతూనే చెప్పింది, మధ్యాహ్నం పూట నడుం వాల్చదట. ఎప్పుడైనా ఒళ్ళు బాగోక పడుకుంటే పాప చేతిని తన చేతికి చున్నీతో కట్టుకుంటుందట, పాప కదిలితే తనకి తెలియాలని. తర్వాత పాపని నా ముందుకు తోసింది.

"పెద్దమ్మకి దండం పెట్టు. ఆ పొద్దు అమ్మను లేపేకొచ్చింది ఈమెనే."

పాప చేతులు జోడించింది. అయినా చెప్పలేదు.

ఆ పక్కిల్లే మళ్ళీ అద్దెకి అడుగుతున్నారు. నేను పక్కనుంటే ఆమెకి ధైర్యమట. అమ్మో! అప్పట్నుంచీ నాకు అన్నం సహించడం లేదు. చెబితే ఆమె మొహం ఎలా మారుతుందో, ఆమె భర్త ఏం చేస్తాడో, గల్లీలో నన్ను ఏమంటారో అని వణుకు. చెప్పకపోతే నన్ను నమ్ముకుని, ఆ పాపతో నా పక్కింట్లో పడుకుంటుంది. అది ఇంకా పెద్ద భయం.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లోది కాదు. ఆమెతో అనేముందు ఈ మాట ఒక్కసారైనా బయటికి రావాలి, అంతే. లావణ్యా, నువ్వు లేవకపోవడం కాదు. నేను తలుపు కొట్టనే లేదు.

రాసేశాను. ఇందాకటికంటే ఊపిరి ఆడుతోంది.