చింతపండు పప్పు

మామిడికాయ తొడిమ తుంచగానే ఒక్క చుక్క సొన చిమ్ముతుంది చూడండి, ఇవాళ పొద్దున్న ఆ వాసన మా వంటింట్లోంచి వచ్చి, పడక్కుర్చీలో కునుకుతున్న నన్ను లేపి కూర్చోబెట్టింది. ఉగాది వెళ్ళి ఇంకా వారం కాలేదు. నేను జ్వరంపడి లేచి పది రోజులైంది, నోరంతా చేదు, ముద్ద దిగడంలేదు. చైత్ర పున్నమి దాటేదాకా నేను కొత్త మామిడికాయ నోట పెట్టనని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఉగాది పచ్చడిలో నా వాటా సైతం మామిడిముక్కలు వెయ్యకముందే చిన్న గిన్నెలోకి తీసి పెడతారు. మనవలు దీన్ని బామ్మ పిచ్చి అంటారు, కోడలు అనదు గాని అనుకుంటుంది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషికి పిచ్చి ఒక్కటైనా లేకపోతే ఎవరు పట్టించుకుంటారు గనక, నేనూ దాన్ని భద్రంగానే కాపాడుకుంటూ వచ్చాను. అది నాకెక్కడ అంటుకుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే అది చెబితే నేనాడిన అబద్ధం కూడా చెప్పాలి.

మాది అరకు. ఇప్పుడు జనం రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళే అరకు కాదు, శృంగవరపుకోట నుంచి ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కుతూ, దారిలో వంట చేసుకుంటూ, బండి వెనక కర్ర ఆనించి ఎద్దులకి ఊపిరి తీసుకోనిస్తూ చేరే పందొమ్మిది వందల ఇరవైల నాటి అరకు. మా నాన్న కింద దేశం నుంచి వెళ్ళి అక్కడ కొట్టు పెట్టాడు. సంతరోజు పొద్దున్నే, మంచు ఇంకా గెడ్డ నీళ్ళ మీద పరుచుకునే ఉండగా, కొండల మీంచి జనం కావిళ్ళతో పసుపు, చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు దింపి, మా కొట్లో ఉప్పు, పొగాకు, కిరసనాయిలు పట్టుకుపోయేవారు. శీతాకాలంలో వాలులన్నీ వలిసెపూలతో పచ్చబడేవి, మా ఇల్లు ఏడాది పొడుగునా పసుపుకొమ్ములూ చింతపండూ కలిసిన వాసన వేసేది, ఆ వాసనలో పుట్టిపెరిగిన నాకు అది వాసనని కూడా తెలిసేది కాదు.

గెడ్డకి అవతలి గూడెంలో ఉండేవారు నా స్నేహితురాళ్ళు ఇద్దరూ, అక్కచెల్లెళ్ళు. బుధవారం పుట్టింది గనక పెద్దది బుద్రి, శుక్రవారం పుట్టింది గనక చిన్నది సుక్రి. బుద్రికి నా ఈడే, పదేళ్ళు. మాట తక్కువ, చూపు ఎక్కువ. సుక్రికి ఇంకా ఒక్క పాలపన్నూ ఊడలేదు గాని నోరు మాత్రం పెద్దది. వాళ్ళతో కలిసి నేను చోడి అంబలి తాగాను, గెడ్డలో పీతలు పట్టాను, మాఘమాసంలో చింతచెట్ల కింద రాలిన కాయలు ఏరాను. బుద్రి ఆ పనిలో ఎంత ఆరితేరిందంటే, పండు నాలిక మీద పెట్టుకుని అది లోయలోని చెట్టుదో పైకొండ చెట్టుదో చెప్పేసేది.

గూడెంలో ఒక కట్టు ఉండేది. చెట్టు కాసినా, చేను పండినా, మొదటిది ఊరి దేవతకి పెట్టాకే మనిషి నోటికి వెళ్ళాలి. ఆ పండగని కొత్త అంటారు. చైత్ర పున్నమినాడు మామిడి కొత్త. అప్పటిదాకా కాయలు చేతికందేలా వేలాడుతున్నా, ఉప్పూ కారం తలుచుకుంటేనే నోరూరుతున్నా, పిల్లలు ఆ చెట్ల కింద ఆడుకునేవారే తప్ప ఒక్కరూ రాయి విసిరేవారు కాదు. ఎవరైనా ముందుగా ముడితే కాయలన్నీ పురుగుపడతాయనీ, పశువుల మంద మీద పులి పడుతుందనీ వాళ్ళ నమ్మకం. మాకా కట్టు లేదు. నేను ఇంట్లో మామిడికాయ తిన్నరోజున నోరు కడుక్కునిగాని గెడ్డ దాటేదాన్ని కాదు.

మా మేనత్తది విశాఖపట్నం. అంతకు రెండేళ్ళ ముందు నేనొకసారి వెళ్ళి సముద్రం చూసి వచ్చాను, ఆ రెండేళ్ళూ గూడెంలో నా కోతలకి అంతులేదు. అవతలి గట్టు లేని గెడ్డ అంటే బుద్రి నవ్వేది, గట్టు లేకపోతే నీళ్ళు ఎక్కడ ఆగుతాయని అడిగేది. ఆ ఏడు ఉగాది కాగానే నాన్న పట్నానికి సరుకు బళ్ళు కట్టాడు. ఒక బండి బుద్రి నాన్న తోలుతున్నాడు గనక, నేను అన్నం మానేసి అలిగాను గనక, అక్కచెల్లెళ్ళిద్దరికీ బళ్ళమీద చోటు దొరికింది. వాళ్ళ నానమ్మ గూడెం చివరిదాకా వచ్చి, కొత్త వేళకి తిరిగి రావాలనీ, అందాకా నోరు భద్రమనీ రెండే మాటలు చెప్పి పంపింది.

ఘాటీ దిగి, బళ్ళు కొత్తవలసలో ఉంచి, సరుకుతో సహా రైలెక్కాం. ఆగిన ప్రతి స్టేషనులోనూ ఇదేనా సముద్రం అని సుక్రి అడిగేది. పట్నంలో నాన్నా, బుద్రి నాన్నా సరుకుతోపాటు మండీలో దిగారు, మేం ముగ్గురం పాతపట్నంలో అత్త ఇంటికి చేరాం. గోదాములు అడ్డం కాబట్టి సముద్రం కనబడదు, హోరు మాత్రం వినబడుతుంది. బుద్రి గుమ్మంలో ఆగి చెవి ఒగ్గి, అడవి మీద వాన వస్తోందంది. తను వెంట లేకుండా పిల్లలెవరూ ఒడ్డుకి వెళ్ళకూడదని అత్త ఆజ్ఞ, తనకేమో నాలుగోరోజుకి గాని తీరదు. అలా మూడు రోజులు సముద్రాన్ని వింటూ గడిపాం.

ఆ మూడు రోజులూ మాకు పట్నం పండగే. తిప్పితే నీళ్ళొచ్చే గొట్టాన్ని సుక్రి తిప్పి తిప్పి పక్కింటావిడ చేత చీవాట్లు తింది. గోళీసోడా కొట్టినప్పుడు వచ్చే కూతకి ముందు పారిపోయి, తరవాత ఆ కూత కోసమే అంగడి దగ్గర కాపలా కాసింది. జట్కాల గంటలూ, కొమ్ముతో దువ్వెనలు చేసే వాళ్ళ ఆకురాయి చప్పుడూ, ఎండుచేపల వాసనా, అన్నీ కలిపి మాకు ఒక్క పూటకే కడుపు నిండిపోయేది. బజారులో చింతపండు రాసుల ముందు బుద్రి నిలబడిపోయింది. బుట్టకి చుట్టిన అడ్డతీగ ముడి తడిమి, ఒక రవ్వ నోట్లో వేసుకుని, ఇది మా పైకొండదేనంది. కొట్టతను నమ్మక వెనకాల సంచి గుర్తు చూసి, అరకు సరుకేనని తలూపాడు. అత్తింటి పెరట్లో కూర్చుని అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక్క పూటలో నలభై విస్తళ్ళు కుట్టేసరికి, అంతవరకూ వాళ్ళని వంటింటి గడప తొక్కనివ్వని అత్త కూడా, బంగారంలాంటి పిల్లలే అంటూ తలకి నూనె రాసింది. గడప మాత్రం తొక్కనివ్వలేదు. భోజనం వాళ్ళకి పెరటి అరుగు మీదే. నేనూ వెళ్ళి అక్కడే కూర్చునేదాన్ని, మొదటిరోజు మూతి ముడుచుకున్న అత్త రెండోరోజు నా విస్తరి కూడా అక్కడే వేసింది.

చిక్కంతా ఆ విస్తరి దగ్గరే వచ్చింది. చైత్రమాసం, అత్తకి మామిడికాయ మీద ప్రాణం. పప్పులో మామిడికాయ, పులిహోరలో మామిడికాయ, పచ్చడి సరేసరి. వాళ్ళిద్దరూ అన్నంలో మజ్జిగ పోయించుకుని, ఉప్పుకల్లు నంజుకుని లేచిపోయేవారు. పెట్టిన కూర ముట్టకపోతే ఇల్లాలికి ఎంత కష్టమో నాకిప్పుడు తెలుసు. నేను అత్తకి కొత్త పండగ సంగతి చెప్పాను. అత్త నవ్వి, ఊరు దాటాక ఊరి కట్టు ఏమిటంది. నాలుగోరోజు పొద్దున్న, సముద్రానికి బండి వీధిలో వచ్చి నిలబడ్డాక, నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఆ గుంటలు మూడు రోజులై మజ్జిగన్నమే తింతన్నారు. ఎండలో కళ్ళు తిరిగి పడిపోతే మీ నాన్నకేటి సెప్పను? పప్పన్నం తిన్నవాళ్ళే బండెక్కండి."

తపేలాలో మామిడికాయ పప్పు కుతకుతలాడుతోంది. ముక్క కరిగిపోయేలా ఉడికింది, పైకి ఏమీ తెలియదు. నేను పెరట్లోకి వెళ్ళి, ఇవాళ అత్త మీకోసం చింతపండు వేసి పప్పు చేసిందని చెప్పాను. బుద్రి నా మొహంకేసి ఒక్కసారి చూసింది. విస్తట్లో పప్పు పడ్డాక మొదటి ముద్ద నోట పెట్టుకుని కాసేపు నమలకుండా ఉండిపోయింది. తరవాత తినేసింది. అక్క తింది గనక సుక్రి కూడా తింది, మారు కూడా వేయించుకుంది. అత్త మొహం వెలిగిపోయింది. నేను అందరికన్నా ముందు బండెక్కి కూర్చున్నాను.

సముద్రం గురించి నేను కోసిన కోతలు ఎంత తక్కువో ఆరోజు నాకే తెలిసింది. సుక్రి అల కాళ్ళని తాకగానే కూలబడి, దోసిలితో తాగి, ఉమ్మేసి, నావైపు తిరిగి కోపంగా అడిగింది.

"ఇక్కడింతుప్పుండగా మీ నాన్న సోలతో కొలిసిత్తాడేటి?"

అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. దూరాన ఓడలు ఆగి ఉన్నాయి, వాటి దగ్గరికి పడవలు అలలెక్కుతూ దిగుతూ పోతున్నాయి. మేం గవ్వలు ఏరాం, ఇసకలో గూళ్ళు కట్టాం, తడిబట్టలు ఒంటిమీదే ఆరాయి. బుద్రి మాత్రం అవతలి గట్టు కోసం వెతుకుతున్నట్టు చాలాసేపు నిలబడి, తరవాత మోకాలిలోతు నీళ్ళలోకి వెళ్ళి, సముద్రపు నీళ్ళతో మూడుసార్లు నోరు పుక్కిలించింది. రుచి చూస్తోందనుకున్నాను. ఎలా ఉందని అడిగితే, నువ్వు సెప్పినట్టే ఉందంది.

తిరుగు ప్రయాణంలో ఘాటీ ఎక్కేకొద్దీ నాకు భయం ఎక్కింది. ఎక్కడ ఆవుమంద కనబడ్డా లెక్కపెట్టేదాన్ని. మేం ఊరు చేరేసరికి, తెల్లారితే పున్నమి. పండగరోజుల్లో మగవాళ్ళు వేటకి పోతే ఆడవాళ్ళు దారికి అడ్డంగా వెదురుగడ పెట్టి, వచ్చేపోయేవాళ్ళని ఏదో ఒకటి ఇచ్చేదాకానో, తమతో నాలుగు అడుగులు ఆడేదాకానో కదలనివ్వరు. మా బళ్ళనీ ఆపారు. నాన్న ఏటేటా ఇచ్చినట్టే బెల్లమూ ఉప్పూ ఇచ్చాడు. సుక్రి బండి మీంచి దూకి వాళ్ళ వరసలో కలిసి ఆడింది. నేను తేలు కుట్టిన దొంగలా బస్తాల మధ్య కూర్చున్నాను.

మర్నాడు దేవత రాయి ముందు అడ్డాకుల మీద కాయలు పోశారు. చుట్టూ గూడెమంతా కూర్చుంది. ఏటేటా చూడ్డానికి వచ్చే నేనూ ఆడపిల్లల వరసలో ఉన్నాను. కత్తి పట్టే ముందు బుద్రి నానమ్మ ఏటేటా అడిగే మాటే అడిగింది, కొత్తకాయ నోట ఎట్టినోళ్ళు ఎవులైనా ఉన్నారేటి అని. ఏటేటా ఎవరూ పలకరు, ముసలమ్మ కాయ కోస్తుంది. ఆ ఏడు బుద్రి లేచి నిలబడింది.

"నాను తిన్నాను. పట్నంలో."

గూడెం మొత్తం తనవైపు తిరిగింది. వాళ్ళ అమ్మ తలకొట్టుకోబోయి ఆగింది. బుద్రి నా పేరు ఎత్తదని నాకు తెలుసు. నోరు మూసుకు కూర్చుంటే ఆరోజు నాకేమీ అయ్యేది కాదు, ఆ కట్టు మాది కాదు కూడా. నేను కూడా లేచాను. అది చింతపండని అబద్ధమాడి నేనే తినిపించానని, సుక్రి కూడా తిందని, ఏడుస్తూ చెప్పేశాను.

పాలపళ్ళు ఊడని పిల్లకి తప్పు లేదన్నారు. సుక్రి ఆ మాటకి చాలా గర్వపడింది. ముసలమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. దేవతకి ఒక కోడిగుడ్డు అదనంగా పెట్టించింది.

"తిన్న నోరూ, అబద్దమాడిన నోరూ ఒకటే. ఇద్దరూ ఎనక్కెల్లి కూకోండి. ఆకర్న ఒక్క ముక్కిత్తాను."

అందరి వెనకా, ఎండలో, పక్కపక్కన కూర్చున్నాం. ముందు పెద్దవాళ్ళు, తరవాత పిల్లలు ఒక్కొక్కరే ముక్క అందుకుంటున్నారు. పుల్లటి వాసన మా దాకా వస్తోంది. అబద్ధమాడానని కోపం వచ్చిందా అని బుద్రిని అడిగాను.

"సింతపండు నానెరగనేటి?" అంది. "రొండేళ్ళనించి సముద్రం సముద్రమన్నావు. తినందే మీ అత్త ఒగ్గదని పెరట్లోకి ఇనబడింది. నువ్వు సింతపండన్నావు, సింతపండనే తిన్నాను."

తాతకి దగ్గులు నేర్పినట్టు నేను ఎవరికి చింతపండు గురించి చెప్పానో అప్పుడు అర్థమైంది. ఆఖరున ముసలమ్మ ఇచ్చిన ముక్కని బుద్రి కొరికి సగం నాకిచ్చింది. అంత పుల్లటి కాయ నేను మళ్ళీ తినలేదు. అంత తియ్యగా కూడా ఏదీ అనిపించలేదు. ఆ ఏడు కాయ పురుగుపట్టలేదు, మంద మీదికి పులి రాలేదు. వచ్చే ఏటి నుంచి కొత్త అయ్యేదాకా నేనూ తిననని బుద్రికి చెప్పాను. తను ఊరికే తలూపింది.

పెళ్ళయి నేను ఈ పట్నానికే వచ్చాను. ఏటా పున్నమి వెళ్ళాక ఎవరో ఒకరు కొండ దిగి, అడ్డాకులో చుట్టిన రెండు కాయలు తెచ్చి, కొత్త అయిపోయింది, బుద్రి తినమంది అని చెప్పి పోయేవారు. అరకుకి రైలు పడ్డాక రెండుసార్లు తనే వచ్చింది, వచ్చిన రెండుసార్లూ ముందు సముద్రం దగ్గరికే తీసుకెళ్ళమంది. ఆరేళ్ళ నుంచి ఆ ఆకుపొట్లం రావడంలేదు, పున్నమి వచ్చిందో లేదో క్యాలెండరులో నేనే చూసుకుంటున్నాను. సుక్రి ఒరిస్సా వైపు కాపురానికి వెళ్ళింది, ఉందో లేదో తెలియదు. అత్త ఇల్లు గోదాము అయింది. దారికి అడ్డం పెట్టిన వెదురుగడని ఇప్పుడు లారీలు ఆగకుండా దాటిపోతాయట, మామిడికాయలు కూడా కొత్తకి ముందే బుట్టలకెక్కి రైలు కిటికీల దగ్గర అమ్ముడవుతాయట.

మధ్యాహ్నం కోడలు కంచం తెచ్చి నా ముందు పెట్టింది. వేడన్నం, పప్పు, నెయ్యి. నేను పప్పు వైపు చూడగానే మొహం పక్కకి తిప్పుకుని, "చింతపండే వేశాను అత్తయ్యా, తినండి" అంది. పది రోజులుగా నా వెనకాల కంచం పట్టుకు తిరిగి పాపం దాని కళ్ళు గుంటలు పడ్డాయి. మొదటి ముద్ద నోట పెట్టుకుని కాసేపు నమలకుండా ఉన్నాను. తరవాత మొత్తం తినేసి, ఇంకాస్త వెయ్యమన్నాను. దాని మొహం వెలిగింది.

కోడలు గిన్నెలు సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాక, పెరట్లో కుళాయి తిప్పుకుని, మూడుసార్లు నోరు పుక్కిలించాను.