జెండాకు కట్టిన కావలి కర్ర

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పాలంటే భయం.

మా సంఘం ఆఫీసు గోడ మీద ఒక ఫోటో ఉంది. పోడు రైతుల ధర్నాలో ముందు వరుసలో నేను, చేతిలో జెండా. వచ్చినవాళ్లు దాన్ని చూసి నన్ను మెచ్చుకుంటారు. ఎవరైనా కాస్త దగ్గరికి వెళ్లి చూస్తే చాలు, ఏదో మాట కలిపి పక్కకు పిలుస్తాను. ఆ జెండా కర్రను ఎక్కడ గుర్తుపడతారోనని.

టేకులపల్లి దాటి అడవిలోకి వెళ్తే ఒక గూడెం వస్తుంది. అడవి నరికి వేసుకున్న పోడు చేలే వాళ్ల బతుకు. పట్టాలు లేవు. అటవీ సిబ్బంది మిషన్ తెచ్చి ఆ చేలలో కందకాలు తవ్వి మొక్కలు నాటేవాళ్లు. అందుకని గూడెంలో ఒక కట్టుబాటు ఉండేది. కింద ఇనప పొన్ను వేసిన వెదురు కర్ర ఒకటి ఇంటింటికీ తిరిగేది. సాయంత్రం ఆ కర్ర ఎవరి చూరుకు ఆనించి ఉంటే మర్నాడు చేల కావలి వాళ్లది. పెళ్లయినా చావైనా ఆ ఇంటి మనిషి చేను వదిలి కదలకూడదు.

ధర్నాకు ముందురోజు టీ కొట్టు దగ్గర అటవీ సిబ్బందిలో నాకు తెలిసినతను కలిశాడు. రేపు గూడెం ఖాళీ అటగదా అని నవ్వాడు. మిషన్ సిద్ధంగా ఉందని, మనిషి ఒక్కరు కనపడినా లొల్లెందుకని దించరని చెప్పాడు. నేను టీ తాగి గ్లాసు పెట్టి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదు? చెబితే సగంమంది ఆగిపోతారు. జనం పలుచగా ఉంటే ఏ మంత్రీ మా సంఘాన్ని లెక్కచేయడు, పైనున్న మా నాయకులు నన్ను లెక్కచేయరు. ఇది ఒక కారణం. ఇంకొకటి ఉంది. ఎన్ని ధర్నాలు చేసినా కదలని ప్రభుత్వం, తవ్వి పారేసిన చేను ఫోటో ఒకటి పేపర్లో పడితే కదులుతుందని నాకు తోచింది. అప్పుడే తోచిందా, తర్వాత అలా సర్దిచెప్పుకున్నానా? అప్పుడే తోచింది.

తెల్లారి ట్రాలీ ఆటోలు వచ్చాయి. ఆ రోజు కర్ర సింగమ్మ ఇంట్లో ఉంది. భర్త లేని మనిషి. ఆమె చేను అందరికంటే చివర, అడవిని ఆనుకుని ఉండేది.

"నేను చేను కాడ్నే ఉంట తమ్మీ. కర్ర నా ఇంటికొచ్చింది," అంది.

"ఒక్క రోజుకు ఏం గాదక్కా. ఎవడొస్తడు? నాది భరోసా."

ఆమె నా ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్తున్నవని వస్తున్న," అంది.

మిగతావాళ్లు ఆటోలెక్కే హడావుడిలో ఉండగా కర్రను నేనే ఆమె చేతిలోంచి తీసుకున్నాను. దానికే జెండా కట్టాను. ధర్నాలో అన్ని జెండా కర్రల మధ్య అది ఎవరి కంటా పడలేదు.

మేము తిరిగొచ్చేసరికి సింగమ్మ చేనంతా కందకం, మట్టి కుప్పలు. అప్పుడే మొలిచిన పత్తి ఎక్కడా లేదు. ఆమె ఏడవలేదు. మర్నాడు గూడెం పెద్దలు కూర్చుని అడిగారు, కావలి ఎందుకు వదిలావని, కర్ర ఏదని. సింగమ్మ ఒక్కసారి నా వైపు చూసింది. "నేనే ఇడిసి పోయిన. కర్ర ఏడనో పడిపోయింది," అంది. నేను తల దించుకున్నాను. ఆ కర్ర అప్పుడు మా ఆఫీసులో జెండాతో సహా మూలకు ఉంది.

నేను అనుకున్నట్టే జరిగింది. ఫోటో పేపర్లో పడింది, ప్రభుత్వం దిగొచ్చింది, సర్వే చేసి చాలా చేలకు పట్టాలిచ్చారు. సింగమ్మకు రాలేదు, అక్కడ సాగు లేదన్నారు. ఇప్పుడామె ఇతరుల మిరప తోటల్లో కూలికి పోతోంది. గూడెంలో కొత్త కర్ర తిరుగుతోంది. అది ఆమె గడప తొక్కదు.

ఆమె ఎందుకు దాచింది? సంఘం విరిగిపోతుందనా? నేనే నోరు విప్పుతానని ఎదురుచూస్తోందా? నలుగురిలో నన్ను తిట్టిపోసి ఉంటే బతికిపోయేవాణ్ణి.

మిగిలిన చేల పట్టాల కోసం నిన్న మళ్లీ ధర్నాకు జనాన్ని పిలవడానికి ఆ గూడెం వెళ్లాను. అందరూ ఊఁ అన్నారు. వెనక నుంచి సింగమ్మ ఒక్క మాట అడిగింది, ఈసారి కావలి ఎవరిదని. అందరూ నా వైపు తిరిగారు. బండెక్కి టౌన్లో ఖానాపురం హవేలి పేటలోని ఇంటికి ఎలా వచ్చానో కూడా గుర్తులేదు.

మిషన్ వస్తుందని నాకు తెలుసు. తెలిసే ఆమె చేతిలోంచి కర్ర తీసుకున్నాను. ఈ రెండు ముక్కలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. సింగమ్మ ఎదుట నిలబడి ఇవే అనగలనా? తెలియదు. భయం పోలేదు. ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.