హద్దులు చూడనిదే సంతకం పెట్టని జగన్నాధం బావ

మా జగన్నాధం బావకి నాలుగు హద్దులూ తెలియకపోతే అన్నం ముద్ద కూడా గొంతు దిగదు. నమ్మనివాళ్లు అతనితో ఒకసారి హోటలుకి వెళ్లి చూడండి. ఇడ్లీ ముందుకొచ్చినా చెయ్యి పెట్టడు. తూర్పున గోడ, దక్షిణాన చేతులు కడుక్కునే తొట్టె, పడమర ఎవరో లావుపాటి షావుకారు, ఉత్తరాన నేను అని తేల్చుకున్నాకే చట్నీలో ముంచుతాడు.

మా అప్ప, పెదనాన్నగారి అమ్మాయి పద్మకుమారిని పెళ్లిచూపులకి చూడ్డానికి వచ్చిననాడూ ఇంతే. పాట వచ్చా, వంట వచ్చా అని అడుగుతాడని అందరం చెవులు రిక్కించాం. "మీ ఇంటికి ఉత్తరాన ఎవరండీ?" అన్నాడు. మా అప్ప తడుముకోకుండా, "గొడ్లసాల. మీకు బస అక్కడే ఏర్పాటు సెయ్యమంటారా?" అంది. అక్కడికక్కడే ఒప్పేసుకున్నాడు.

అతను శ్రీకాకుళంలో జూనియరు ప్లీడరు. భూమి తాకట్టు పెట్టుకుని, నూతులు తవ్వుకోడానికి రైతులకి అప్పిచ్చే బ్యాంకు ఒకటుంది. ఆ భూమి నిజంగా వాళ్లదేనని రాసి సంతకం పెట్టడం అతని పని. అంతకన్నా నీరసమైన పని భూమ్మీద లేదని నా అభిప్రాయం. బి.ఎ. సగంలో వదిలేసి, ఆ తర్వాత పట్టిన ప్రతి పనినీ సగంలోనే వదిలేసినవాణ్ణి కాబట్టి నా అభిప్రాయానికి విలువుంది.

అతని సీనియరు గారిదీ అదే మాట. "ఖూనీ కేసుల్లోకి రావోయ్. పేపర్లో పేరు పడుతుంది. ఆ తనఖాల్లో ఏం సుఖం?"

"ఖూనీలో మనం వెళ్లేసరికే మనిషి పోయుంటాడండి. తనఖాలో మనం వెళ్లాకే నుయ్యి పడుతుంది" అనేవాడు బావ.

సంతకం పెట్టేముందు పొలం చూడటం తప్పు కాదు. బావ అక్కడితో ఆగడు. చుట్టుపక్కల రైతులందరూ స్వయంగా వచ్చి, ఎవరి గట్టు మీద వాళ్లు నిలబడి, పిలిస్తే పలకాలి. ఒక్క దిక్కు ఖాళీగా ఉన్నా కలం తియ్యడు. బ్యాంకు సెక్రటరీకి రక్తపోటు వచ్చింది అందుకే.

అరవై ఎనిమిది పుష్యమాసంలో కోటబొమ్మాళి పక్కనున్న లక్ష్మణమ్మ పొలం వంతు వచ్చింది. మొగుడు పోయాక ఒక్కతే సేద్యం చేసుకుంటున్న మనిషి. నుయ్యి పడకపోతే ఆ పొలం చెక్క అమ్ముకుని కూలికి పోవడమే.

"సోమవారం మీటింగుకి నీ సంతకం రాకపోతే ఆవిడ అర్జీ వచ్చే ఏటికే. నీ పని ఇంకో ప్లీడరుకే" అన్నాడు సెక్రటరీ, శనివారం సాయంత్రం.

ఆదివారం పొద్దున్నే ఆమదాలవలసలో రైలెక్కాం. నేనెందుకంటారా? ఇంట్లో ఉంటే నాన్న కాలేజీ మాట ఎత్తుతాడు. రైల్లో బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నామో లేదో, "ఒరే, దక్షిణం జరుగు. నా హద్దులోకి వచ్చీసినావు" అన్నాడు.

పొలంలో ఉత్తరపు రైతు, పడమటి రైతు నెత్తిన తుండుగుడ్డలేసుకుని గట్ల మీద సిద్ధంగా ఉన్నారు. దక్షిణాన వాగు. వాగుని పేరెట్టి పిలవలేదు, అదే గొప్ప. తూర్పు గట్టు మాత్రం ఖాళీ.

"తూర్పు ఎవురమ్మా?"

లక్ష్మణమ్మ మొహం తిప్పుకుంది. "మా అన్న ఎర్రన్న. ఆడు రాడు."

"ఏటి, ఎందుకు రాడు?"

"మా అయ్య పసుపుకుంకాల కింద నాకీ సెక్క రాసిచ్చినాడు బాబూ. గట్టు మీద తాటిసెట్టు నాదంటే నాదని తగువు. ఆడు నాతో మాటాడ్డు, నానూ మాటాడను."

"ఆ సెట్టేది?"

"గాలివానకి పడిపోనాది. ఎప్పుడో."

చెట్టు పోయింది. తగువు మాత్రం వేళ్లు దిగి నిలబడింది. అవతల ఉలవచేలో ఎర్రన్న మాకు వీపు తిప్పి కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. నేను వెళ్లి బతిమాలాను. "అది పిలిస్తే కదేటి వచ్చేది?" అన్నాడు. వెనక్కొచ్చి లక్ష్మణమ్మకి చెప్పాను. "పిలవకపోతే రాలేడేటి?" అంది.

"బావా, సంతకం పెట్టెయ్. తూర్పు వీపు కనిపిస్తోంది కదా, చాలు" అన్నాను.

"వీపు సాలదురా" అని గట్టెక్కాడు. నల్లకోటు గుండీలు పెట్టుకున్నాడు. కోర్టు బంట్రోతు సిగ్గుపడేలా గొంతెత్తాడు.

"తూర్పు హద్దు, సర్కారు బంజరు! సాగు లేదు! సొంతదారు లేడు! రాసుకోరా!"

కాగితాలన్నీ అతని సంచిలోనే ఉన్నాయి. నేను అరచేతిలో రాస్తున్నట్టు నటించాను.

చుట్ట ఎగిరి ఎక్కడో పడింది. సొంత చేనునే తొక్కుకుంటూ ఎర్రన్న వచ్చి గట్టెక్కాడు. "ఎవుడ్రా బంజరన్నోడు? కాయ మీదున్న సేను కనపడ్డం నేదేటి?"

బావ నోరు విప్పేలోపే లక్ష్మణమ్మ కొంగు బిగించి లేచింది. "బంజరేటి ప్లీడరుబాబూ? నోరు జాగర్త! అది మా అన్న సేను. మా తాతల కాణ్ణించి సేస్తన్న బూవి!"

ఎర్రన్న, చెల్లెలి వైపు కాకుండా వాగు వైపు చూస్తూ, "నుయ్యెక్కడ తవ్విస్తావే?" అన్నాడు.

"అల్లదిగో, ఆ మూల."

"ఆ మూల రాయి పడతాదే, పిచ్చిమొకమా! ఈ పక్క తవ్వు. గునపాలు నాను తెస్తాను."

"నా నుయ్యి, నా ఇష్టం!"

ఉత్తరం, పడమర కూడా గట్లు దిగొచ్చి చెరో మూలా చూపించడం మొదలెట్టారు. నేను బావ పక్కకి చేరాను.

"ఇలా గట్టెక్కి నిలబడాలని ఏ చట్టంలో ఉంది బావా?"

"ఎక్కడా నేదు."

"మరి ఇన్నాళ్లూ ఇంతమందిని ఎండలో నిలబెట్టావేం?"

"కాగితానికి పక్కోళ్లు అక్కర్లేదురా. నుయ్యి తవ్వినప్పుడు కావాల. బ్యాంకోళ్లొచ్చి మట్టి తోడతారేటి?"

గట్టు తగువుల కేసులు తగ్గిపోయాయని సీనియరు గారు ఈ మధ్య ఎందుకు వాపోతున్నారో నాకప్పుడు తెలిసింది.

అన్నాచెల్లెళ్ల అరుపులు వాగు దాటి వినిపిస్తున్నాయి. బావ వాటిని పాటకచేరీలా తల ఊపుతూ విన్నాడు. ఆనక నన్ను వంగమని, నా వీపు మీద కాగితం పరిచి కలం పెట్టాడు. చక్కిలిగింతలకి నేను మెలికలు తిరిగిపోయాను.

"ఒరే, నవ్వకు! సంతకం వంకర పోతే సెక్రటరీ ఒప్పుకోడు" అన్నాడు. అనేసి, ముందు తనే నవ్వాడు.