అంగిట్లో పడుకున్న పన్ను

ఆ రోజుల్లో పళ్ళకి క్లిప్పులు వేయించుకోవడమంటే చుట్టుపక్కల వాళ్ళు పనిగట్టుకుని వచ్చి చూసి వెళ్ళేంత విశేషం. తొంభైల చివరి మాట ఇది. స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో మా వరస మొత్తానికి మొట్టమొదట క్లిప్పులు పెట్టించుకున్న ఘనత నాదే. (స్కూల్లో నాకు వేరే ఘనతలేవీ లేవు కనక దీన్ని గట్టిగానే చాటుకున్నాను.) పద్నాలుగేళ్ళొచ్చినా పైవరసలో ఎడమపక్క పాలపన్నొకటి కదలకుండా కూర్చునుండేది. దాని పక్కనున్న ముందుపన్ను మాత్రం నెలనెలకీ ఓ పక్కకి వాలిపోతుండేది.

మా నాన్నకి ప్లాంటులో ఇనుప చువ్వల కొలతలు సరిచూసే ఉద్యోగం. ఏ సమస్యనైనా ముందు కొలిచి తీరాలన్నది ఆయన పట్టుదల. సీతమ్మధారలో కొత్తగా క్లినిక్ పెట్టిన డాక్టరు గారు, గోదావరి వైపు మనిషి, నా దవడకి అచ్చు తీసి ప్లాస్టర్‌తో బొమ్మ పోయగానే నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ బొమ్మని అడిగి ఇంటికి తెచ్చుకుని, ఆదివారమంతా వెర్నియర్‌తో ఒక్కొక్క పన్నూ కొలిచారు. దవడ వంపు కొలవడానికి అమ్మ కుట్టుదారం కూడా వాడేశారు. మర్నాడు క్లినిక్‌లో డాక్టరు గారు అదే వంపుని సన్నటి ఇత్తడి తీగతో కొలుస్తుంటే, నాన్న పరీక్ష ఫలితాల కోసం వచ్చిన కుర్రాడిలా ఒంటికాలి మీద నిలబడ్డారు.

"నాను తీసిన కొలతే వచ్చిందేటండీ?"

"ఇంచుమించు అంతేనండి."

"సూసినారా! పాలపన్ను తీసేత్తే జాగా సరిపోద్ది. తీసి పెట్టుకునే ప్లేటొకటి ఇచ్చీండి, సాలు."

"ప్లేటు పన్నుని నెట్టి వాలుస్తుందండి, అంతే. వేరుతో సహా జరపాలంటే పంటికి బిళ్ళ అతికించి తీగ బిగించాలండి. అయినా బొమ్మ మీద కనపడేది సగమేనండి. ఎక్స్‌రే చూసి మాట్లాడదాం."

ఎక్స్‌రే వచ్చింది. డాక్టరు గారు దాన్ని లైటుపెట్టె మీద పెట్టి, వేలు పెట్టి చూపించారు. పాలపన్ను ఊడాక రావలసిన నా కోరపన్ను దారి తప్పి, పైన అంగిట్లో అడ్డంగా పడుకుని ఉంది. దాని మొన పోయి పోయి ముందుపన్ను వేరుకి ఆనుకుంది.

"ఇలా వదిలేస్తే ఆ వేరుని తినేస్తుందండి."

"అంటే ముందుపన్నే పోద్దా?" నాన్న గొంతు తగ్గిపోయింది. వెర్నియర్ నెమ్మదిగా జేబులోకి వెళ్ళిపోయింది.

చిన్న కోత కోసి, ఆ పంటికి ఓ బుల్లి గొలుసు అతికించి, దాన్ని తీగకి కట్టి కొద్దికొద్దిగా కిందికి లాగుతామన్నారు డాక్టరు గారు. "కొన్ని ఎముకకి అతుక్కుపోయి రావండి. లాగి చూస్తేగానీ తెలీదు" అని కూడా అన్నారు. ఆ మాటకి నాన్న డీలా పడితే, ఆయన ఒక తీగ తీసి అష్టవంకర్లు తిప్పి, వేడినీళ్ళలో వేశారు. అది ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, చక్కటి విల్లులా తన పాత వంపులోకి వచ్చేసింది! నాన్న కుర్చీలోంచి లేచిపోయారు.

"ఇంకోపాలి సెయ్యండి, ఇంకోపాలి! ఇన్నేళ్ళుగా ఇనుము సూత్తన్నాను, ఇలా సెప్పిన మాట ఇనే ఇనుముని సూళ్ళేదు!"

"ఇనుము కాదండి, నికెల్ టైటానియం."

"ఏదైనా సరే, మా ఆడగుంటకి అదే ఎయ్యండి!"

(బయట బెంచీ మీదున్న వాళ్ళని కూడా లోపలికి పిలిచి చూపించారు. నేను నోరు తెరుచుకుని కుర్చీలో అలాగే ఉన్నాను.)

కోత పూర్తయి గొలుసు కట్టిన రోజునుంచి మా ఇంట్లో పొద్దున్నే పేపరు కంటే ముందు నా నోరు తెరిచేవారు. నాన్న టార్చి వేసి చూసేవారు, అమ్మ నాన్న భుజం మీంచి చూసేది. తీగ బిగించిన ప్రతిసారీ రెండు రోజులు పెరుగన్నం మెత్తగా పిసుక్కుని తినేదాన్ని. నెలలు గడుస్తున్నా అంగిట్లో కొత్తగా ఏమీ కనపడలేదు. నాన్న "వత్తది, వత్తది" అనేవారు గానీ, ఆ అనడంలో పస తగ్గుతూ వచ్చింది. నేనూ అద్దం దగ్గరికి వెళ్ళడం మానేశాను.

ఓ సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి, బస్టాండు కాంప్లెక్సులో గాజువాక బస్సు కోసం నిలబడ్డాం. ఎంతకీ రాని బస్సు, మూటలతో వందమంది జనం. ఊరికే నాలుక అంగిట్లో తిప్పుతుంటే గరుగ్గా, గట్టిగా, బియ్యపుగింజ మొనలాంటిదేదో తగిలింది. మళ్ళీ తిప్పాను. ఉంది!

"వచ్చేసింది!" అని కేక పెట్టాను.

అంతే! కూర్చున్నవాళ్ళు లేచారు, మూటలు నెత్తికెక్కాయి, ఎవరో కిటికీలోంచి వేయడానికి తువ్వాలు కూడా సిద్ధం చేసుకున్నారు. "ఏదే? బస్సేదీ?" అంటూ నాన్న కూడా పరిగెత్తబోయారు.

"బస్సు కాదు నాన్నా, పన్ను!"

నాన్న అక్కడే నా గడ్డం పైకెత్తి చూశారు. వెనక మూటలాయన కూడా వంగి చూసి, "అవునండోయ్, తెల్లగా అగుపడతంది!" అని సాక్ష్యం చెప్పాడు. ఆ హడావుడిలో నిజం బస్సు వచ్చి వెళ్ళిపోయింది. నాన్న అందరికీ చేతులెత్తి దణ్ణం పెట్టి, నన్ను ఆటో ఎక్కించారు.

ఏడాది తిరిగేసరికి కోరపన్ను వరసలోకి వచ్చింది, క్లిప్పులు తీసేశారు. రికార్డు కోసం ఫొటోలు తీస్తూ డాక్టరు గారు, "నవ్విన ఫొటో వచ్చిందమ్మా. ఇప్పుడు పెదవులు మూసుకో, ఒక్కటి తీస్తాను" అన్నారు. మూసుకున్నాను, నవ్వాగక విడిపోయాయి. మళ్ళీ మూసుకున్నాను, మళ్ళీ అంతే. చివరికి ఆయనే విసిగి, నవ్వేసి, కెమెరా పక్కన పెట్టేశారు. ఆ ఫొటోలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ప్రతిదాంట్లోనూ అన్ని పళ్ళూ బయటే. ఇప్పుడు ఆఫీసు ఫొటోల్లో పెదవులు మూసుకుని హుందాగా నవ్వడం నాకు చక్కగా వచ్చు. ఎప్పుడు నేర్చుకున్నానో మాత్రం గుర్తులేదు.