నన్ను వేగు అన్న అమ్మాయి

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌కి నేను వార్డెన్‌ని. చేరి పదకొండేళ్లయింది. ఇల్లు ఎల్బీనగర్‌లోనే ఉన్నా వారానికి ఒకసారి పోయి రావడమే గగనం. అన్నం ముద్దయిందని ఒకరు, గీజర్ పనిచేయడం లేదని ఇంకొకరు పొద్దున్నుంచీ వస్తూనే ఉంటారు. వాటికి నేను అలిసిపోను. అలిసిపోయేది సాయంత్రం వచ్చే ఫోన్లకి. అన్నీ తల్లిదండ్రులవే. పిల్ల క్లాసుకు వెళ్లిందా, ఎన్నింటికి వచ్చింది, ఎవరితో వచ్చింది?

రెండేళ్ల కిందట కోస్తా నుంచి ఒక తండ్రి తన కూతుర్ని తీసుకొచ్చి మా దగ్గర చేర్చాడు. తెలుగు టీచరు పోస్టుకు కోచింగ్. సామాను గదిలో పెట్టించాక నన్ను పక్కకు పిలిచాడు.

"తల్లి లేని పిల్లండీ. కాస్త కనిపెట్టుకుని ఉండండమ్మా."

"నేను చూసుకుంట సార్. మీరు పరేషాన్ కాకుండ్రి" అన్నాను.

మా ఇళ్లల్లో కనిపెట్టుకొని ఉండటమంటే చంటిపిల్లలనీ, ఒంట్లో బాగాలేనివాళ్లనీ చూసుకోవడమే. ఆయన అడిగిందీ అదే అనుకున్నాను. మర్నాటి నుంచి సరిగ్గా ఏడింటికి ఫోన్ రావడం మొదలయ్యాక గానీ ఆయన ఉద్దేశం తెలియలేదు. ఎన్నింటికి బయటికెళ్లింది, ఏ డ్రస్సు వేసుకుంది, ఫోన్లో ఎంతసేపు మాట్లాడింది, ఇవీ ఆయన ప్రశ్నలు. తెలియదంటే అరగంటకు మళ్లీ చేసేవాడు. తెలిసింది చెప్పేస్తే ఆ పూటకు వదిలిపోయేది. అందుకని చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే, చెప్పడం కోసం చూడటం కూడా అలవాటు చేసుకున్నాను.

అమ్మాయి నెమ్మదైనది. మెట్ల మీద కూర్చొని నానార్థాలు పైకి చదువుకునేది. నేను కింద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వినేదాన్ని. ఒకరోజు ఒక మాట దగ్గర ఆగి నన్నే అడిగింది.

"ఆంటీ, వేగు అంటే మీకేం తెలుసు?"

"నూనెల ఏగుడు. ఇంకా, మీ అందరితోని ఏగలేక సస్తున్న కదా, అది."

నవ్వింది. "ఇంకో రెండున్నాయండి. ఒకటి తెల్లవారడం. రెండోది గూఢచారి. పూర్వం రాజులు ఊళ్లల్లోకి పంపేవాళ్లట, ఎవరేం చేస్తున్నారో చూసి రమ్మని."

"ఒక్క మాటకు గిన్ని అర్థాలా?"

"పరీక్షలో అన్నీ రాయాలండి" అని మళ్లీ చదువులో పడింది.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం తండ్రి గొంతు మారిపోయింది. "వారం నుంచి క్లాసుకి రావట్లేదని మెసేజ్ వచ్చిందమ్మా. రోజూ బ్యాగేసుకుని ఎక్కడికెళ్తుందో చూడండి."

నేను అమ్మాయినే అడిగి ఉండవచ్చు. అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె గేటు దాటగానే చెప్పులేసుకుని వెనకే వెళ్లాను. మెట్రో ఎక్కింది. పక్క పెట్టెలో నేనూ ఎక్కాను. ఒక్క స్టేషనే. మూసారాంబాగ్‌లో దిగి, ప్లాట్‌ఫామ్ చివర బెంచీ మీద కూర్చుంది.

ఎవరైనా వస్తారని స్తంభం చాటున నిలబడి చూశాను. రైలొచ్చేది, జనం దిగేవారు, ఎక్కేవారు, రైలు వెళ్లిపోయేది. ఆమె లేవలేదు. పుస్తకం తీయలేదు, ఫోన్ చూడలేదు. బ్యాగు ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చుంది. గంట దాటేసరికి నాకు మోకాళ్లు పట్టేశాయి. వచ్చేశాను.

ఏడింటికి ఫోన్ వచ్చింది. చూసింది చూసినట్టే చెప్పాను.

"మూసారాంబాగ్ స్టేషన్ల కూసున్నది సార్. ఒక్కతే ఉన్నది."

"ఎవరి కోసం?"

"గంటసేపు చూసిన, ఎవ్వరు రాలే సార్."

"ఎవరూ రాకపోతే గంటసేపు ఎందుక్కూర్చుంటుందమ్మా? మీరొచ్చేశాక వచ్చుంటాడు."

కాదని గట్టిగా అనలేకపోయాను. నాకు ఓపిక లేదు. నాకు తెలిసిందీ అంతే.

కూతుర్ని తీసుకెళ్లిపోవడానికి ఆయన మర్నాడు పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. పైన అమ్మాయి దుప్పట్లు మడత పెడుతోంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"బిడ్డా, నేను చూసిందే చెప్పిన. ఎక్కువ ఒక్క మాట చెప్పలే."

"తెలుసండి" అంది తలెత్తకుండా. "వేగులు చూసిందే చెప్తారు."

కోపంగా అన్నా బాగుండేది. పుస్తకంలోది అప్పజెప్పినట్టు అంది. తర్వాత సూట్‌కేసు తనే మోసుకుంటూ దిగిపోయింది.

ఆరు నెలల తర్వాత ఫోన్ చేసింది. ఆమె డిగ్రీ మెమో ఒకటి మా బీరువాలో ఉండిపోయింది, పంపమని. వాళ్ల ఊరి దగ్గర చిన్న స్కూల్లో పాఠాలు చెబుతోందట. పరీక్ష సంగతి వాళ్ల నాన్న ఇప్పుడు ఎత్తడం లేదట. అడ్రసు రాసుకున్నాక, ఉండబట్టలేక అడిగాను.

"గా స్టేషన్ల ఎందుకు కూసునేదానివి బిడ్డా?"

"క్లాసులో మూడొందల మందిమండి. నాకు ఊపిరాడేది కాదు. హాస్టల్లో ఉంటే ఎందుకెళ్లలేదని మీరడుగుతారు. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు కదా."

"ఆ దినం నన్ను చూసినవా?"

"చూశానండి. వచ్చి నా పక్కన కూర్చుంటారనుకున్నా."

ఏదో పని ఉందని ఫోన్ పెట్టేశాను. మెమో మాత్రం మర్నాడే కొరియర్ చేశాను.

ఇప్పుడు ఏ తండ్రయినా కనిపెట్టమంటే ముందే చెప్పేస్తాను. "తిన్నదా లేదా చెప్త సార్. జరమొస్తే దవాఖానకు తీస్కపోత. ఎటు పోయిందో మాత్రం ఆ పిల్లనే అడుగుండ్రి." ఒకరిద్దరు పిల్లల్ని వేరే హాస్టల్‌కు మార్చుకున్నారు. వార్డెన్‌వి, నువ్వు కాకపోతే ఇంకెవరు చూస్తారని మా ఓనరు విసుక్కున్నాడు. ఆయన మాటలోనూ న్యాయం లేకపోలేదు. నలభై మంది ఆడపిల్లలున్న చోట అసలు చూడకుండా ఎలా ఉంటాను? గేటు చప్పుడైతే ఇప్పటికీ నా కళ్లు ముందు గడియారం మీదికే పోతాయి, ఆ తర్వాతే వచ్చిన పిల్ల ముఖం మీదికి.