‘కొట్ట’ అన్న ఒక్క మాట

పోయిన నెలలో మా పక్కింటావిడకు ఆయాసం ఎక్కువైతే ఆటోలో కూర్చోబెట్టుకొని ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ కంప్యూటరు ముందున్న నర్సమ్మ పేరూ వయసూ రాసుకున్నాక, తలెత్తకుండానే, పేషెంటు ఏ భాషలో మాట్లాడతారని అడిగి, దానికోసమే ఉంచిన గడిలో తెలుగు అని నింపుకుంది. ఆ అమ్మాయి రోజుకు ఎంతమందిని అడుగుతుందో ఆ మాట! నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆవిడను లోపలికి తీసుకెళ్ళాక ఆ వరండాలో కూర్చొని నలభై ఏళ్ళు వెనక్కి పోయాను. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగనందుకు ఒక మనిషి బళ్ళారి జైల్లో నాలుగేళ్ళు గడిపాడు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళకు ముక్కలు ముక్కలుగా చెప్పానే గానీ ఒకచోట రాసి పెట్టలేదు.

ఎనభైల మొదట్లో మాట ఇది. మా నాన్నది బళ్ళారి బజారులో బట్టల అంగడి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగడిలో అరువు తెచ్చుకున్న ఉర్దూ, ఇలా పెరిగినదాన్ని. ఆడపిల్ల నల్లకోటు వేసుకోవడమేమిటని బంధువులు ముక్కు మీద వేలేసుకుంటుంటే, మా నాన్న మాత్రం ఆ కోటుకు తన అంగట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి గుడ్డ చించి ఇచ్చాడు. నేను చేరింది ఒక పెద్ద వకీలు గారి దగ్గర జూనియరుగా. మా సీనియరు గారికి ఒక అలవాటు ఉండేది. జైలు నుంచి ఖైదీలు రాసుకున్న అర్జీలు ఎవరూ పట్టించుకోనివి ఆయన బల్ల మీదికి చేరేవి, ఆయన వాటిని ఆదివారాలు కూర్చొని చదివేవారు. చాలావాటికి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు. ఎప్పుడో ఒకదాన్ని పక్కన పెట్టేవారు. అలా పక్కన పెట్టిన ఒక కట్టను నా ముందుకు తోసి ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“దీంట్లో యాడో తేడా ఉండాది తల్లీ. యాడుండాదో నాకు అంతు చిక్కల్యా. కాగితాలు చదివితే దొరికేది కాదిది, పోయి మనుషుల్ని చూసి రా.”

కట్టలో ఉన్న కథ చిన్నదే. సండూరు దగ్గరి పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు. పొలం గట్టు దగ్గర తగవు పడి కొన్నాళ్ళుగా మాటలు లేవు. ఒకరోజు మధ్యాహ్నం అన్న తల పగిలి ఘాట్ రోడ్డు మలుపులో పడి ఉంటే, తానే చూసి బండిలో వేసుకొని ఆసుపత్రికి తెచ్చానని తమ్ముడు చెప్పాడు. అన్న ఆ సాయంత్రమే పోయాడు. పోయే ముందు డాక్టరు ఎవరు కొట్టారని అడిగితే, నా తమ్ముడే కొట్టాడని చెప్పినట్టు డాక్టరు తన చేతిరాతతో ఇంగ్లీషులో రాసి సంతకం చేశాడు. చావబోయేవాడు అబద్ధమాడడని కోర్టు నమ్మింది. పైగా గట్టు తగవు ఉండనే ఉంది. తమ్ముడికి యావజ్జీవం పడింది. అప్పీలు చేసుకోవాలని కూడా ఆ ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

జైలు గేటు దగ్గర నన్ను చూసి వార్డరు ఎవరి కోసం వచ్చారమ్మా, మీ ఆయన కోసమా అని అడిగాడు. వకీలునని చెబితే లోపలికి వెళ్ళి ఇంకొకరిని పిలుచుకొచ్చి మరీ చూపించాడు. ఆ రోజుల్లో అలాంటివి మామూలే, మీలో కోర్టుల చుట్టూ తిరిగిన ఆడవాళ్ళెవరైనా ఉంటే గుర్తుండే ఉంటుంది. తమ్ముడు పొడుగ్గా, వంగిపోయి ఉన్నాడు. కంప్లి వైపు కాలవ కింద వరి పొలాల్లో ఆంధ్ర రైతుల దగ్గర కొన్నేళ్ళు పనిచేశాడట, అందుకని తెలుగు బాగానే వచ్చు. ఎన్ని రకాలుగా అడిగినా ఒకటే చెప్పాడు.

“దారి పొడుగునా దాహం దాహం అంటాండె. ఆసుపత్రిలో చెంబుతో నీళ్లు తాపిచ్చినా. అంతలో చీటీ రాయించుకోని రాపో అంటే బయటికి పోయినా. నేను వచ్చేసరికి మా అన్న కండ్లు మూసినాడు. ఆయప్ప ఏం చెప్పినాడో నేను ఇన్లేదమ్మా. కానీ నన్ను అట్ల అనడు మా అన్న. ఎంత తగవున్నా అనడు.”

శిక్ష కంటే, అన్న తన పేరు చెప్పి పోయాడన్న మాట అతన్ని తినేస్తోందని నాకు అర్థమైంది. విడిపించమని నన్ను అడగలేదు. మా అన్న నిజంగా అట్ల అన్నాడా, అది మాత్రం కనుక్కో అమ్మా అన్నాడు. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

ఇక్కడ మా మరదలి గురించి చెప్పాలి. మా తమ్ముడికి తెనాలి వైపు పిల్లను చేసుకున్నాం. ఆమె కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు, కన్నడం ఒక్క ముక్క రాదు. నేను మధ్యాహ్నం కోర్టు నుంచి వచ్చి అన్నం ముందు కూర్చున్నాను, అంతలో ఆ పిల్ల వీధిలోంచి పరుగెత్తుకొచ్చింది, ముఖం తెల్లబోయి ఉంది.

“వదినగారూ, అత్తయ్యగారు ఎదురింటావిడను కొట్టారటండీ! ఆవిడే చెప్పింది. చెప్పి నవ్వుతోంది కూడానూ!”

వెనకే ఎదురింటి కన్నడావిడ, చేతిలో మా ఇంటి పళ్ళెంతో వచ్చింది. సంగతేమిటంటే మా అమ్మ పొద్దున ఆమెకు బొబ్బట్లు, అదే మా ఓళిగలు, పంపింది. ఖాళీ పళ్ళెం తిరిగి ఇస్తూ ఆమె, ‘నిమ్మత్తె కొట్రు’ అన్నది, మీ అత్త ఇచ్చారు అని. కన్నడంలో కొట్ట అంటే ఇచ్చాడు, కొట్రు అంటే ఇచ్చారు. బళ్ళారిలో పుట్టినవాళ్ళకు అది ఆలోచించాల్సిన మాటే కాదు. మా అమ్మ కడుపు పట్టుకొని నవ్వింది, ఎదురింటావిడ నవ్వింది, చివరికి సిగ్గుపడుతూ మా మరదలూ నవ్వింది. నేనొక్కదాన్నే కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచాను. చేయి కూడా సరిగా కడుక్కోలేదు, తడి వేళ్ళతోనే కట్ట విప్పి డాక్టరు కాగితం మళ్ళీ చదివాను. తమ్ముడు కొట్టాడు, అని ఇంగ్లీషులో. అన్న ఏ భాషలో చెప్పాడన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. కోర్టులో కూడా ఎవరూ అడగలేదు.

మర్నాడే సండూరు బస్సెక్కాను. అన్న భార్య నన్ను గడపలో నిలబెట్టే మాట్లాడింది. మరిది పేరెత్తితే ముఖం తిప్పుకుంది. మీ ఆయనకు తెలుగు వచ్చా అని కన్నడంలోనే అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, తెలుగు యాడిదమ్మా, మరిదికైతే కంప్లిలో చేసి వచ్చింది గానీ ఆయనకు ఒక్క ముక్క రాదన్నది. ఆయన గనికి పోయి వచ్చేటప్పుడు రోజూ ఖనిజం లారీ పైకెక్కి కూర్చొని వచ్చేవాడని, ఆ మలుపులో పడతావు పడతావని తాను గొణిగేదాన్నని కూడా చెప్పింది. ఈ సంగతి పోలీసులకు చెప్పలేదేమని అడిగితే, నన్నెవరు అడిగారన్నది. అంతలో ఆయన లారీ మీంచే పడ్డాడేమోనని ఆమెకు తట్టినట్టుంది. గడప మీది నుంచి పక్కకు తప్పుకుంది. నన్ను లోపలికి రమ్మంది.

ఆసుపత్రిలో ఆ రోజు వార్డులో రోగుల పనులు చూసిన ఆయమ్మ ఇంకా అక్కడే పనిచేస్తోంది. ఆమెను వెతికి పట్టుకోవడానికి నాలుగుసార్లు తిరిగాను. ఆమెకు అంతా గుర్తుంది.

“డాక్టరయ్య కొత్తగా వచ్చిండె, గుంటూరు పక్క ఆయప్ప. ఎవరు కొట్టారు అని తెలుగులో అడిగె. ఈ పెద్దమనిషి పెదాలు తడిగానే ఉండె, తమ్మ కొట్ట, తమ్మ కొట్ట అనె. నీళ్లిచ్చింది ఎవరని అడిగినారనుకోని చెప్తాండాడు అనుకుంటిని నేను. ఏందమ్మా, ఆ మాటకా జైలుకు పంపింది?”

ఇక మిగిలింది డాక్టరు. ఆయన ఆ ఉద్యోగం వదిలి కంప్లిలో సొంతంగా వైద్యం పెట్టుకున్నాడని తెలిసింది. నేను వెళ్ళేసరికి వసారా నిండా రోగులు, సగం మంది కోస్తా రైతులు, సగం మంది కన్నడం వాళ్ళు. సంగతి చెప్పగానే ఆయనకు కోపం వచ్చింది.

“నేను విన్నదే రాశానమ్మా. నాకేం చెవుడు లేదు.”

“మీరు ఏ భాషలో అడిగారండీ?”

“తెలుగులో. అప్పుడు నాకు ఇంకేం వచ్చు గనక?”

చనిపోయిన అన్నకు తెలుగు రాదు, కన్నడమొకటే వచ్చునని చెప్పాను. అంతకంటే ఏమీ చెప్పనవసరం లేకపోయింది. కంప్లిలో వైద్యం చేస్తున్న మనిషి, మాత్రలివ్వండి, మందిచ్చారు అనడానికి మాత్రె కొడ్రీ, ఔషధ కొట్రు అని రోగుల నోట రోజంతా వింటున్న మనిషి. ఆయన చేతిలోని కలం కదలడం ఆగిపోయింది. ఆ తమ్ముడు చెంబు పట్టుకొని నిలబడటం నేను చూశాను అన్నాడు, నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు. వెంటనే తేరుకొని, రోగులున్నారు, మీరు వెళ్ళండమ్మా అన్నాడు. తిరుగు బస్సులో ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. నిజం ఎదురుగా కనిపించి కూడా చేతికి రాలేదనిపించింది.

రెండు వారాల తరవాత ఒక ఉదయం ఆయన మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. నిద్రలేక కళ్ళు లోతుకు పోయి ఉన్నాయి. ఒప్పుకుంటే తన పేరు ఏమవుతుందో, రోగులు వస్తారో రారో అని ఇంట్లో అందరూ భయపెట్టారట. మా సీనియరు గారు ఆయనకు కాఫీ తెప్పించారే గానీ ఒక్క మాటతో కూడా తొందరపెట్టలేదు. కాఫీ చల్లారిపోయాక ఆయనే అడిగాడు, ఎక్కడ చెప్పాలో చెప్పండి, వచ్చి చెబుతాను అని.

గడువు దాటిన అప్పీలును హైకోర్టు తీసుకోవడం, డాక్టరునూ ఆయమ్మనూ అన్న భార్యనూ విచారించి పంపమని బళ్ళారి కోర్టుకు రాయడం, వీటికి ఏడాదిన్నర పట్టింది. డాక్టరు బోనెక్కే రోజు వచ్చింది. అవతలి వకీలు, అప్పుడు ప్రమాణం చేసి చెప్పింది అబద్ధమా అని గద్దించాడు. డాక్టరు గొంతు పెద్దది చేయలేదు.

“అబద్ధం కాదండీ. నేను తెలుగులో అడిగాను, అతను కన్నడంలో చెప్పాడు. ఆ మాట నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు.”

కోర్టులో ఉన్నవాళ్ళందరికీ రెండు భాషలూ వచ్చు. ఎవరికీ ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

హైకోర్టు తీర్పు వచ్చిన వారానికి అతన్ని వదిలారు. ఉదయం పూట, ఎండ ఇంకా ముదరలేదు. నాకంటే ముందే అన్న భార్య గేటు బయట నిలబడి ఉంది. కోర్టులో గట్టు తగవు గురించి చెప్పి శిక్షకు బలమిచ్చింది తానే కదా, అతను తన ముఖం చూస్తాడో లేదోనని ఆమె భయం. అతను బయటికి వచ్చి ఆమెను చూసి ఆగిపోయాడు. ఆమె రెండడుగులు ముందుకు వేసింది. ‘బారప్పా, మనెగె హోగోణ’ అన్నది, రా నాయనా, ఇంటికి పోదాం అని. అతను నా వైపు తిరిగి, మా అన్న అనలేదు గదమ్మా అన్నాడు. అనలేదప్పా, నువ్వు నీళ్ళిచ్చినావని చెప్పినాడు అన్నాను. అప్పుడు ఏడ్చాడు, నాలుగేళ్ళకు పైగా దాచుకున్నదంతా.

ఆ తరవాత అలాంటి కట్టలు ఎన్నో చూశాను. అన్నింట్లోనూ ఇలా వెలుగు రాలేదు, కొన్నింటిలో చేసినవాడే లోపలున్నాడని తేలి ఊరుకున్నాం. డాక్టరు గారు కంప్లిలోనే చివరిదాకా ఉన్నారు. రోగులు తగ్గలేదు సరికదా, పెరిగారు. పండగలకు నాకు కన్నడంలో ఉత్తరం రాసేవారు, ఒత్తులన్నీ తప్పులతో.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. మా సీనియరు గారూ లేరు, ఆయమ్మా లేదు. మన రోజుల్లో బళ్ళారి బజారులో ఒక వాక్యం తెలుగులో మొదలై కన్నడంలో నడిచి ఉర్దూలో ముగిసేది. ఇప్పుడు కుర్రవాళ్ళు ఎదుటివాడి మాట అందకపోతే చటుక్కున హిందీలోకో ఇంగ్లీషులోకో మారిపోతారు. సౌకర్యమే, కాదనను. కానీ ఒకరి మాటలోకి ఒకరు తడుముకుంటూ వెళ్ళి, పొరబడి, నవ్వుకొని, సర్దుకొనే ఆ ఓపిక ఎక్కడికి పోయిందా అనిపిస్తుంది. అయినా నిరాశ లేదు. జైలుకు ఇప్పుడు వారం వారం ఆడ వకీళ్ళే నలుగురు వెళుతున్నారట, గేటు దగ్గర ఎవరూ ఆపి మీ ఆయన కోసమా అని అడగరట. వాళ్ళలో ఒకమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. స్కూటరు వేసుకొని సండూరు పోయి ఒక సాక్షిని కలిసి అప్పుడే తిరిగి వస్తోంది. ఫోనులో అడగొచ్చు గదా అంటే, ముఖం చూడకుండా ఎట్లా అడిగేది ఆంటీ అన్నది. జుట్టంతా ఎర్రదుమ్ము. ఆ పిల్లకు మంచినీళ్ళిచ్చి, అక్కడ ఎవరేమన్నారో చెప్పమని ఎదురుగా కూర్చున్నాను. ఆమె చెబుతూ ఉంటే, అంత దూరం మళ్ళీ ఒకసారి నేనే వెళ్ళి వినగలిగితే ఎంత బాగుండునో అనిపించింది.